మోగని ఫోన్

బెంగళూరు మారతహళ్లిలో మా ఇంట్లో పని చేసే అక్కది కదిరి దగ్గర పల్లె. నిన్న పొద్దున వస్తూనే కీప్యాడ్ ఫోన్ నా చేతిలో పెట్టింది. "చూడమ్మా, మా అమ్మ రెండు రోజుల నుంచి చేస్తా ఉందంట, ఒక్కసారీ మోగలేదు" అంది. రబ్బర్ బ్యాండ్ వేసిన ఫోన్, 5 అంకె పూర్తిగా అరిగిపోయింది. ఫోన్‌కేమీ కాలేదు. వ్యాలిడిటీ అయిపోయింది, అంతే.

2003 మేలో మన దేశంలో ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. మిస్డ్ కాల్స్‌తోనే నెలలు గడిపిన ఇళ్లు ఎన్నో. ఇప్పుడు రీచార్జ్ లేకపోతే అవతలివాళ్లు చేసిన కాల్ కూడా రాదు, ఓటీపీ రాదు. 28 రోజుల ప్యాక్ అంటే ఏడాదికి 13 సార్లు వేయించాలి. అక్కకు జీతం వచ్చేది 12 సార్లే.

2024 డిసెంబర్‌లో టెలికాం కంపెనీలకు నియమాలు పెట్టే ట్రాయ్ మంచి పని చేసింది. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే ప్యాక్ ఉండాలంది. స్పెషల్ వోచర్ల, అంటే ఇలాంటి రీచార్జ్ ప్యాక్‌ల గడువు పరిమితిని 90 రోజుల నుంచి 365కి పెంచింది. ఆ సంగతి అక్కకు ఎవరూ చెప్పలేదు. నెట్ రాని ఆ ఫోన్‌కి షాపులో ప్రతిసారీ డేటా ప్యాకే వేశారు. కష్టపడిన డబ్బు అలా పోయిందని తెలిసి చాలా బాధేసింది.

కాల్స్ ప్యాక్ వెతికి వేశాం. గిన్నెలు తోముతుండగా ఫోన్ మోగింది. సబ్బు చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరిగెత్తి, "మా, అన్నం తింటివా?" అంది.