బడి వదిలాక చింతపిక్కలాట

ఇంట్లో వసపిట్ట, బడిలో మాత్రం నోరు విప్పదు. ఈ పాపని నాకు రెండో తరగతి పిల్లలే పరిచయం చేశారు, "టీచర్, అది మాట్లాడదు" అని. ఆ మాట వినీ వినీ తను కూడా అదే ఖాయమనుకుంటుందేమోనని నా బెంగ.

వాళ్లమ్మ అసలు సంగతి చెప్పింది జూలై 10న, మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) అయిపోయి అందరూ భోజనాలకి లేచాక. అంతమందిలో ఏ తల్లి చెప్పుకుంటుంది? "ఇంటికి రాగానే బాత్రూంకి పరిగెడుతుంది మేడం, పొద్దుట్నుంచీ ఆపుకుంటుంది" అంది. మిగతా పిల్లలు చిటికెన వేలు చూపించి వెళ్తారు. ఈ పిల్లకి ఆ వేలెత్తడమే గండం. ఇప్పుడు అడిగే పని లేకుండా పక్క పిల్లతో కలిసి వెళ్లొస్తోంది. హాజరుకి చెయ్యెత్తితే చాలు.

తర్వాత పిల్లల సైకాలజిస్టుకి చూపించారు. సెలెక్టివ్ మ్యూటిజం అన్నారట. 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అంటే మానసిక సమస్యల్ని గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టులు వేసిన పుస్తకం, దీన్ని ఆందోళన సమస్యల్లో చేర్చింది. మొండితనం కాదు, పొగరు కాదు, భయంతో గొంతు పెగలకపోవడం. అందరి ముందూ "చెప్పు, చెప్పు" అని వెంటపడొద్దన్నారు. ఈ మాట నానమ్మకి నచ్చజెప్పేసరికి తల్లికి తలప్రాణం తోకకొచ్చింది. చిన్నప్పుడు నాలిక్కి వస రాయలేదని ఆవిడ ఇప్పటికీ కోడల్నే అంటోంది.

ఇవాళ బడి వదిలాక తల్లీకూతుళ్లు ఖాళీ క్లాసులో కూర్చుని చింతపిక్కలాడారు. సైకాలజిస్టు చెప్పిన పద్ధతే ఇది. ముందు బడిలో అమ్మతో మాట్లాడటం అలవాటవ్వాలి, టీచరు మెల్లమెల్లగా దగ్గరికి రావాలి. మొదట్లో నేను వరండాలో ఉండేదాన్ని. ఇవాళ గుమ్మం లోపల కుర్చీ వేసుకుని నోటుపుస్తకాలు దిద్దుతున్నాను. పిక్కలు పైకెగరేసి, కింద పడకుండా అరచెయ్యి తిప్పి పట్టుకుంటోంది. ఉన్నట్టుండి "అమ్మా, తొండి! నువ్వు రెండు తీశావ్!" అంది. స్పష్టంగా, కోపంగా. నేను తలెత్తలేదు. ఎర్ర పెన్ను ఒకే లెక్క మీద తిరుగుతోంది. వాళ్లమ్మ కూడా ఎంత ధైర్యమున్న మనిషో, మెచ్చుకోలేదు, నా వైపు చూడలేదు, "సరే, పెట్టేస్తాలే" అని ఆట సాగించింది.

రేపు కుర్చీ రెండో బెంచీ దగ్గరికి జరుపుతాను. వాళ్లమ్మ మిషన్ కుట్టే పని ఆపుకుని వస్తోంది, బట్టలు పేరుకుపోయాయట. సోమవారం వాళ్ల నాన్నని పంపుతానంది. ఆయనకి చింతపిక్కలాట రాదు, పాపే నేర్పాలి. గదికి ఇంకో అరగంట ఆగి తాళం వేయించమని హెచ్ఎం గారిని అడగాలి.