బీరువాలో 38 గోలీలు

జనవరి 8, ఆదివారం, హన్మకొండ

పొద్దుగాల చలి బాగా ఉంది. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ నిండా మంచు, ఎదురొచ్చేవాళ్లను దగ్గరికొస్తేగానీ ఆనవాలు పట్టలేకపోయాను. మూడో రౌండులో ఎడమ పిక్క పట్టేసింది. పక్కకు జరిగి ఒత్తుకుంటూ లెక్క చూసుకున్నాను. కొలెస్ట్రాల్ గోలి మానేసి నేటికి 38 రోజులు. పిక్కలు పీకుతున్నాయనే గదా మానేసింది! మానిన రెండు వారాలకు హాయిగా అనిపించింది కూడా. మరి ఇవాళ ఈ పట్టు ఏంది?

సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆయన ఒకటో తారీఖున తన బీపీ గోలీలతో పాటు నావీ తెస్తాడు. రోజుకొకటి లెక్కన అవి బీరువాలో చీరల కింద పెడుతున్నాను.

పోయిన ఏప్రిల్‌లో రక్తపరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 172 వచ్చింది. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉందా అని డాక్టరమ్మ అడిగింది. మా బాపు 52 ఏండ్లకే గుండెపోటుతో పోయాడని చెప్పాను. రాస్తున్న కలం ఆపి నా మొహం చూసి, అటార్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు, రాత్రికి ఒకటి అని రాసింది. జులైలో మళ్లీ చూస్తే 106. కాళ్లూ భుజాలూ నొస్తే నీ అంతట నువ్వు మానెయ్యకు, ముందు నాకు చెప్పు అని కూడా అంది. ఆ మాట నేను మరిచిపోలేదు. చెబితే ఇంకో గోలి రాస్తుందని భయపడి చెప్పలేదు.

కొలెస్ట్రాల్‌కు నొప్పి లేదు, మంట లేదు. 172 ఉన్ననాడు ఎట్లా బడికి పోయి పాఠం చెప్పానో, 106 ఉన్ననాడూ అట్లాగే చెప్పాను. గోలి చేసిన మేలు రిపోర్టు కాగితం మీద చూడాల్సిందే. పిక్కల నొప్పి మాత్రం బడి మెట్లు ఎక్కేటప్పుడు ఒక్కో మెట్టుకూ తెలుస్తుంది. రెండిట్లో దేన్ని నమ్ముతాం?

గ్రౌండ్ నుంచి అటే చౌరస్తా దగ్గరి మందుల దుకాణానికి పోయాను. చీటీ లేకుండా కొలెస్ట్రాల్‌కు ఏమైనా ఉందా అని అడిగితే పిల్లవాడు అద్దాల బల్ల మీద వరసగా పెట్టాడు. వెల్లుల్లి నూనె గోలీలు, చేపనూనె, ఇసబ్‌గోల్, తెల్లమద్ది పొడి. చివర ఎర్ర మూత సీసా ఒకటి, రెడ్ ఈస్ట్ రైస్. "ఇది బియ్యంతోని చేసింది మేడం, మందు కాదు" అన్నాడు. ఆ మాట విన్నాక నా ప్రాణం కుదుటపడ్డట్టయింది. బియ్యం గదా, మనకేం చేస్తుంది! వెల్లుల్లివీ ఆ సీసా కొనుక్కుని సంచిలో వేసుకున్నాను.

మధ్యాహ్నం కాజీపేటలో అక్కవాళ్లింట్లో సకినాలు. అక్క పిండి తడి పట్టించి, నువ్వులు, వాము కలిపి సిద్ధంగా పెట్టింది. తెల్లబట్ట పరిచి నలుగురం చుట్టూ కూర్చున్నాం. పిండి వేళ్ల మధ్య సన్నగా తిప్పుతూ ఒక్కో చుట్టు తెగకుండా తేవాలంటే మనసు అక్కడే ఉండాలి. నాకు ఇవాళ మూడో చుట్టుకే తెగిపోతున్నాయి. మడిచిన కాళ్లు లాగుతున్నాయి.

కళ్లద్దాలు తెచ్చివ్వమంటే అక్క బిడ్డ నా సంచి తెరిచింది. కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఫార్మసీ చదివిన పిల్ల. సీసా చేతిలో పట్టుకుని వచ్చి, "చిన్నమ్మా, ఇది ఎవరికి?" అంది. నాకే అన్నాను. గోలి మానేసిన సంగతి కూడా చెప్పేశాను. 38 రోజుల్లో మొదటిసారి ఒకరికి చెప్పడం.

అది నా పక్కనే కూర్చుని పిండి తీసుకుని చుడుతూ చెప్పింది. రెడ్ ఈస్ట్ రైస్‌ను బియ్యం మీద ఒక రకం బూజును పెంచి చేస్తారట. అందులో పనిచేసే పదార్థం మొనాకోలిన్-కె. అదీ, 1987లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి స్టాటిన్ గోలి లోవాస్టాటిన్, రెండూ ఒక్కటే! స్టాటిన్లంటే నేను మానిన గోలి జాతి మందులే. అసలు అవే బూజులోంచి వచ్చాయంట. 1970లలో జపాన్‌లో అకిరా ఎండో అనే శాస్త్రవేత్త వేల రకాల బూజులు వెతికి మొదటిదాన్ని పట్టుకున్నాడని చెప్పింది.

"గోలిల ఎంత మందుందో మీద రాసి ఉంటది చిన్నమ్మా. ఈ సీసల ఒకదాంట్ల ఎక్కువుంటది, ఒకదాంట్ల అసలే ఉండదు. సరిగ చెయ్యకపోతే కిడ్నీలు పాడుచేసే సిట్రినిన్ అనే విషం కూడ రావచ్చు. నువ్వు దేనికి భయపడి మానినవో గదే కొలత లేకుండ కొనుక్కొచ్చుకున్నవ్."

నా చేతిలో ఉన్నదీ బియ్యప్పిండే. చుట్టడం ఆగిపోయింది.

వెల్లుల్లి సంగతి అడిగాను. 2022లో అమెరికాలో ఒక పరీక్ష చేశారట. కొందరికి రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ 5 మిల్లీగ్రాములు, మిగతావాళ్లకు వెల్లుల్లి, పసుపు, దాల్చిన చెక్క, చేపనూనె, రెడ్ ఈస్ట్ రైస్ లాంటివి, ఇంకొందరికి మందు లేని ఉత్త గోలీలు, 28 రోజులు. గోలి వేసుకున్నవాళ్ల ఎల్‌డీఎల్ 38 శాతం దాకా తగ్గింది. తక్కినవేవీ ఉత్త గోలీని మించలేదు. వెల్లుల్లి వేసుకున్నవాళ్లకు కొంచెం పెరిగింది కూడా. ఇసబ్‌గోల్ ఒక్కదాన్ని మెచ్చుకుంది. అది పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి తీసుకుపోతుంది, మళ్లీ పైత్యం చేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. నీళ్లు బాగా తాగుతూ, గోలీకి రెండు గంటలు ఎడంగా వేసుకుంటే కొంత మేలే, కానీ గోలి చేసే పని అది చేయలేదు అంది.

మరి నా నొప్పి? అక్క బిడ్డ నన్ను కొట్టిపారేయలేదు, అందుకే దాని మాట విన్నాను. నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందికి బ్రిటన్‌లో కొన్ని నెలలు అసలు గోలి, కొన్ని నెలలు ఉత్త గోలి, కొన్ని నెలలు ఖాళీ సీసా ఇచ్చి చూశారట. అసలు గోలితో వచ్చిన బాధలో నూటికి తొంభై వంతులు ఉత్త గోలితోనూ వచ్చింది. "వాళ్ల నొప్పి నిజమే చిన్నమ్మా. ఎక్కడికెళ్లి వచ్చిందో ఎవలూ అడగలే. నీకు థైరాయిడ్ చూసిన్రా? డి విటమిన్? కండరాలకు సీకే పరీక్ష?" ఏదీ చూడలేదు. చూడమని నేను పోలేదు గదా.

అక్క నూనె మూకుడు దగ్గర నుంచే అంది, "బాపుకు గూడ ఛాతిల మంటంటే గ్యాసనుకున్నం."

ఇంకెవరం మాట్లాడలేదు. 1999 శివరాత్రి తరువాత వారం. బాపు సోడా తాగి పడుకున్నాడు. తెల్లారి వరంగల్‌కు జీపు మాట్లాడేసరికే అయిపోయింది. బాపు రక్తం ఒక్కసారి కూడా ఎవరూ పరీక్షించలేదు. నాకిప్పుడు 55. బాపు కన్నా మూడేండ్లు పెద్దదాన్నయ్యాను.

రాత్రి బువ్వ తిన్నాక చీరల కింది నుంచి తీసి బల్ల మీద పెట్టాను. పదిహేనేసి గోలీల నిండు స్ట్రిప్పులు రెండు, మూడోదాంట్లో ఎనిమిది. మా ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. "కాళ్లు గంత నొస్తుంటె నాకెందుకు చెప్పకపోతివే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

రేపు పదిన్నరకు డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాం. గోలి రేపు ఆమెను అడిగాకే. మోతాదు తగ్గించవచ్చా, వేరే రకం ఉందా, రోజు విడిచి రోజు సరిపోతుందా, ఏ పరీక్షలు చేయించాలి, అన్నీ కాగితం మీద రాసుకున్నాను. మొదటి వరసలో మాత్రం, డిసెంబర్ 1 నుంచి వేసుకోలేదు అని రాశాను. పరగడుపున రక్తం ఇవ్వాల్సి వస్తుందేమోనని అలారం ఆరింటికి పెట్టుకున్నాను. ఆ రెండు సీసాలు వెనక్కి తీసుకుంటాడేమో దుకాణంలో అడగాలి.