మెట్ల బావుల సైటు: ఎనిమిది నెలల లింకుల పని

నేను హనుమకొండలో ఉంటాను. ఆదివారం వస్తే బండేసుకుని ఊళ్లు తిరుగుతాను. పాత దిగుడు బావులు కనిపించిన చోట ఆగి ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, తెలుగులో ఒక చిన్న సైటులో పెడుతున్నాను. రెండేళ్లలో 41 బావులయ్యాయి, బావికొక పేజీ. ఊళ్లలో వీటిని చెత్తతో పూడ్చేస్తున్నారు. ఎవరైనా తమ ఊరి బావి గురించి వెతికితే నాలుగు మాటలు, ఒక మంచి ఫొటో దొరకాలన్నది నా ఆరాటం. కానీ జనవరి దాకా గూగుల్‌లో వెతికితే నా పేజీ నాకే కనిపించేది కాదు. అందుకే ఈ ఏడాది కొత్త బావులు కాస్త తగ్గించి, ఉన్న పేజీలు జనానికి చేరే పని మీద కూర్చున్నాను.

జనవరి

గూగుల్‌లో మన సైటు ఎలా కనిపిస్తోందో చూపించే సెర్చ్ కన్సోల్‌లో సైటు చేర్చాను. ఖర్చేమీ లేదు. డొమైన్ సెట్టింగుల్లో వాళ్లిచ్చిన ఒక కోడ్ అతికించి ఒక రోజు ఆగితే అయిపోయింది. లోపల చూస్తే 41లో 17 పేజీలు అసలు ఇండెక్స్‌లోనే, అంటే గూగుల్ వెతికి చూపించే పేజీల జాబితాలోనే, లేవు. పేజీ ఉందని గూగుల్‌కి తెలుసు, కానీ ఇంకా వచ్చి చదవలేదు.

గూగుల్ కోసం పెట్టే చిరునామాల పట్టిక, అదే సైట్‌మ్యాప్‌లో, 41 చిరునామాలూ ఉన్నాయి కదా, ఇదేంటని రెండు రోజులు కొట్టుకున్నాను. తర్వాత తెలిసింది. నా మొదటి పేజీలో చివరి పది బావులే కనిపిస్తాయి. పాత పేజీలకు సైటులో ఎక్కడి నుంచీ లింకు లేదు. చిరునామా పట్టికలో పేరున్నా, ఆ ఇంటికి దారి లేదన్నమాట. జిల్లాకొక పేజీ కట్టి ఆ జిల్లా బావులన్నీ అందులో చేర్చాను. ప్రతి బావి పేజీ కింద 'ఈ చుట్టుపక్కల బావులు' అని మూడు లింకులు, ఎన్ని కిలోమీటర్లో రాసి పెట్టాను. ఆరు వారాల్లో ఆ 17 కాస్తా 4కి దిగాయి. వేరే సైట్లు ఇచ్చే బయటి లింకుల కోసం పరిగెత్తే ముందు సొంత సైటులో లింకులు సరిచేసుకోమని ఎవరడిగినా చెబుతాను. పైసా ఖర్చు లేదు, ఎవరినీ అడగక్కర్లేదు.

ఫిబ్రవరి

నా పేజీల శీర్షికలన్నీ 'దిగుడు బావి' అనే ఉన్నాయి. మా ఇంట్లో అనే మాట అదే. సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిచి జనం ఏ మాటలతో వెతుకుతున్నారో చూస్తే ఎక్కువ మంది 'మెట్ల బావి' అంటున్నారు. అదీ తెలుగు అక్షరాల్లో కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి. ఒకరు ఒక 'టి' పెడతారు, ఇంకొకరు రెండు పెడతారు. ఒక ఊళ్లో ఒక పెద్దాయన నాతో 'నడబావి' అన్నాడు. ఆ మాటతోనూ వెతికినవాళ్లు ఉన్నారు, తక్కువే అయినా.

శీర్షికలన్నీ మార్చాను. 'శివనగర్ మెట్ల బావి, వరంగల్' లాగా ముందు ఊరు, తర్వాత జనం అనే మాట, చివర జిల్లా. దిగుడు బావి, నడబావి అనే పేర్లు మొదటి పేరాలో మామూలు వాక్యంలో ఒక్కసారి వస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో పేరు ఫొటో కింది వాక్యంలో ఒకసారి రాశాను, అంతకు మించి కుక్కలేదు. పేజీ కోడ్‌లో చదివేవాళ్లకి కనిపించకుండా ఉండే కీవర్డ్స్ అనే మెటా ట్యాగ్ నింపమని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. ర్యాంకింగ్‌కి దాన్ని వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. దాని జోలికి పోలేదు.

నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇంకొకటుంది. అదే రిపోర్టులో గూగుల్ ఫలితాల్లో సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న మాటలు ఏరుకోవడం. అవి ఇప్పటికే సగం దారి వచ్చినవి. ఆ పేజీల్లో జనం అడిగేది లేకపోతే చేర్చాలి. నా విషయంలో అది దారి. బస్సు ఎక్కడ దిగాలి, లోపలికి దిగనిస్తారా, నీళ్లున్నాయా. ఇవి రాశాక పదకొండో స్థానంలో ఉన్న రెండు పేజీలు గూగుల్ ఫలితాల మొదటి పేజీకి వచ్చాయి.

సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట బావిని మాత్రం వదిలేశాను. 2022 డిసెంబరులో దాన్ని బాగుచేసి తెరిచాక పెద్ద పెద్ద పత్రికలన్నీ రాశాయి. అక్కడ నా పేజీకి చోటు దొరకడం కష్టం. ఎవరూ రాయని ఊరి బావికి నా పేజీ ఒక్కటే దిక్కు, నా కష్టం అక్కడే పెడతాను.

మార్చి

ఒక హైస్కూలు టీచరు ఫోన్ చేసింది. "సార్, మా పిల్లలు మన ఊరి బావి మీద ప్రాజెక్టు చేస్తున్నారు. మీ పేజీ అడ్రస్ చెప్పండి, బోర్డు మీద రాస్తాను" అంది. నాకు నోట మాట రాలేదు.

నా చిరునామాలన్నీ తెలుగులో ఉన్నాయి. బ్రౌజర్లో చూస్తే 'మెట్ల-బావి' అని ముచ్చటగా కనిపిస్తుంది. కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే శాతం గుర్తు, ఈ, సున్నా, మళ్లీ శాతం గుర్తు, బీ, సున్నా అంటూ సాగుతుంది. చిరునామాల్లో వాడే యూనికోడ్ రూపం యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు పడతాయి, ఒక్కో బైటు మూడు అక్షరాలుగా మారుతుంది. గుణింతాలు, పొల్లు కూడా విడివిడి గుర్తులే. 'మెట్ల-బావి' అంటే తొమ్మిది గుర్తులు, మధ్యలో ఒక గీత. మొత్తం 82 అక్షరాలు! అది బోర్డు మీద ఎవరు రాస్తారు?

తెలుగు చిరునామా గూగుల్‌కి ఇబ్బంది కాదు, బాగానే చదువుతుంది. ఇబ్బంది మనుషులకి. లింకు ఇచ్చేది మనుషులే కాబట్టి 41 చిరునామాలూ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాను. పాత చిరునామాకి వచ్చినవాళ్లు కొత్తదానికి వెళ్లేలా ఒక్కోదానికి 301 రీడైరెక్ట్ పెట్టాను. ఇది మరిచిపోతే అప్పటిదాకా వచ్చిన లింకులన్నీ గాల్లో కలిసిపోతాయి. నేను రెండు మరిచాను. వారం తర్వాత 404ల, అంటే పేజీ దొరకని చిరునామాల, జాబితాలో కనిపిస్తే సరిచేశాను.

అదే నెలలో ఫొటోలు కూడా. ఫోన్లో తీసిన ఒక్కో ఫొటో 4 ఎంబీ పైనే. 1600 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో ఫార్మాట్‌లో దాస్తే 200 కేబీ చుట్టూ వస్తోంది. పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ చెప్పే లెక్క. ఊళ్లో సిగ్నల్ సరిగా లేని చోట బావి దగ్గర నిలబడి నా పేజీ తెరిచే మనిషికి అది నిజంగా కావాలి.

ఏప్రిల్

ఈ నెల తప్పు చేశాను. 4,000 రూపాయలకి 200 బ్యాక్‌లింకులు, అంటే వేరే సైట్ల నుంచి నా సైటుకి లింకులు, ఇస్తానని ఒకతను మెసేజ్ పెట్టాడు. నెల రోజులుగా వచ్చేవాళ్ల సంఖ్య కదలట్లేదన్న టెన్షన్‌లో పంపేశాను. పదిహేను రోజులకి ఎక్సెల్ షీటు వచ్చింది. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఏవో భాషల సైట్లు, పేకాట ప్రకటనల కింద కామెంట్లు, అన్నిట్లో అదే పేరా. 200 చోట్లా లింకు మీద అదే మాట, అక్షరం తేడా లేకుండా.

1998లో గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజీల పరపతి కొలిచే పేజ్‌ర్యాంక్‌ని రాసినప్పటి ఆలోచన చాలా మామూలుది. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే, దాని తరఫున మాట చెప్పినట్టు. చెప్పేవాడికి ఎంత పరపతి ఉంటే ఆ మాటకి అంత బరువు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు మనం అబ్బాయి గురించి ఆ వీధిలో వాళ్లనే అడుగుతాం, బస్టాండులో దారినపోయే 200 మందిని అడగం. కొన్న లింకులు ఆ బస్టాండు జనమే. 2012 ఏప్రిల్ 24న వచ్చిన గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ ఇలాంటివాటిని పట్టుకోవడానికే. 2016 నుంచి అది ప్రధాన వ్యవస్థలోనే భాగం, ఇలాంటి లింకుల్ని ఎక్కువగా లెక్కలోంచి తీసేస్తుంది.

ఫలానా లింకులు లెక్కపెట్టొద్దని గూగుల్‌కి చెప్పే డిసవో టూల్‌తో వాటన్నిటినీ వద్దని చెప్పాలా అని తిరిగాను. సెర్చ్ కన్సోల్‌లో గూగుల్ మనుషులు వేసే శిక్షలు చూపించే మాన్యువల్ యాక్షన్స్ పేజీ ఖాళీగా ఉంది. అక్కడ ఏమీ లేనప్పుడు, సైటుకి దెబ్బ తగిలిన గుర్తులూ లేనప్పుడు దాన్ని ముట్టుకోకపోవడమే మేలని వదిలేశాను. స్థానాలు పెరగలేదు, పడలేదు. ఆ డబ్బుతో రెండు నెలల పెట్రోలు వచ్చేది.

మే, జూన్

చచ్చిన లింకుల పని మొదలుపెట్టాను. వారసత్వ కట్టడాల మీద పాత పేజీలు వెతికి, వాటిలో బావుల గురించి ఇచ్చిన లింకులు ఒక్కొక్కటీ నొక్కి చూడటం. తెరుచుకోని దాన్ని వేబ్యాక్ మెషీన్‌లో పెడితే ఒకప్పుడు అక్కడ ఏముందో కనిపిస్తుంది. దానికి సాటివచ్చే పేజీ నా దగ్గర ఉంటేనే ఉత్తరం. లేకపోతే ముందు ఆ పేజీ రాసి, తర్వాత ఉత్తరం.

నేను పంపేది ఇంతే: "నమస్కారం. మీ కాకతీయుల బావుల పేజీలో మూడో పేరాలో ఉన్న లింకు తెరుచుకోవట్లేదు. అక్కడ ఉండే కొలతలు ఇప్పుడు దొరకట్లేదు. నేను కిందటి నెల అదే బావిని కొలిచి పెట్టాను, చిరునామా కింద ఉంది. పనికొస్తే వాడుకోండి, లేకపోతే పాత లింకు తీసేసినా మీ పాఠకులకి మేలే."

పద్నాలుగు పంపితే నలుగురు జవాబిచ్చారు, ముగ్గురు లింకు పెట్టారు. లింకు మీద ఏ మాట పెట్టాలో నేను చెప్పలేదు. ఒకరు బావి పేరు పెట్టారు, ఒకరు 'ఈ కొలతలు' అన్నారు. అలా తలో రకంగా ఉండటమే సహజం.

మంచి ఫొటోలు ముప్పై, వికీపీడియా ఫొటోలు ఉండే వికీమీడియా కామన్స్‌కి ఎక్కించాను, పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చన్న లైసెన్సుతో. తెలుగు వికీపీడియా వ్యాసంలో నా సైటు లింకు నేనే పెట్టుకోలేదు. అది పద్ధతి కాదు, పైగా అక్కడి బయటి లింకులన్నీ నోఫాలోనే, అంటే ర్యాంకింగ్‌కి లెక్కపెట్టొద్దన్న గుర్తు ఉన్నవే. కానీ ఫొటో వాడుకున్న ఇద్దరు సైటువాళ్లు నా పేరుతో పాటు పేజీ లింకు కూడా ఇచ్చారు.

జూలై

ఎవరినీ అడగకుండానే లింకులు తెచ్చింది ఒక పట్టిక. నా నోటుపుస్తకంలో ఉన్నదంతా ఒకే చోటికి ఎక్కించాను. ఊరు, మండలం, మెట్లు ఎన్ని, మొదటి మెట్టు నుంచి నీళ్ల దాకా లోతు, ఏ నెలలో చూశాను, నీళ్లున్నాయా, చెత్త ఉందా. మెట్లు లెక్కపెట్టడానికి ఐదు బావులకి మళ్లీ వెళ్లాను, మొదటిసారి సరిగా రాసుకోలేదు. పట్టిక మొత్తం దించుకునేలా సీఎస్‌వీ ఫైలు కూడా పెట్టాను.

దాన్ని నేను ఎవరికీ పంపలేదు. ఆర్కిటెక్చర్ చదివే ఒక అమ్మాయి తన ప్రాజెక్టు పేజీలో లింకు ఇచ్చింది. అక్కడ చూసి నీటి సంరక్షణ మీద రాసే ఇంకో ఇద్దరు ఇచ్చారు. ఇలాంటి పట్టిక తెలుగులో నాకు ఇంకెక్కడా కనిపించలేదు. వాళ్లకి చూపించడానికి ఇంకో చోటు లేదు, అందుకే ఇచ్చారు.

ఆగస్టు, ఇప్పటి లెక్క

జనవరిలో 28 రోజులకి 63 క్లిక్కులు, ఇప్పుడు 910. ఆ 200 చెత్త తీసేస్తే లింకు ఇచ్చిన సైట్లు 5 నుంచి 19 అయ్యాయి. ఇండెక్స్ కాని పేజీలు ఇంకా రెండున్నాయి. రెండూ ఒకే ఫొటో, నాలుగు వాక్యాలు ఉన్నవే, వాటికి మళ్లీ వెళ్లి రాయాలి.

కిందటి వారం ఆ టీచరే మళ్లీ ఫోన్ చేసింది. పిల్లలు మెట్లు లెక్కపెట్టారట. నా పేజీలో 36 అని ఉంది, వాళ్లకి 38 వచ్చాయి, అడుగున రెండు బురదలో ఉన్నాయట. పేజీ సరిచేసి, లెక్కపెట్టింది వాళ్లేనని స్కూలు పేరు రాశాను. వచ్చే ఆదివారం కామారెడ్డి జిల్లా లింగంపేట, నాగన్న బావికి. టేపు కొత్తది కొనాలి, పాతది ఇరవై మీటర్ల దగ్గర తెగింది.