అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్: తిట్టించిందీ మురిపించిందీ ఒకే భాగం

1983 డిసెంబర్‌లో మారుతి 800 రోడ్డెక్కేదాకా మన దేశంలో కారు కావాలంటే తట్టాల్సిన తలుపులు ప్రధానంగా మూడే. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ల ఫియట్ (తర్వాత పద్మిని), మద్రాసు దగ్గర వండలూరులో స్టాండర్డ్ వాళ్ల హెరాల్డ్. మూడూ యూరప్‌లో 1950ల నాటి డిజైన్లే. అంబాసిడర్, ఫియట్ అయితే అక్కడ వాటి కాలం చెల్లాక కూడా ఇక్కడ దశాబ్దాల పాటు తయారవుతూనే వచ్చాయి. అంబాసిడరైతే 1957 నుంచి 2014 దాకా.

వీటి ఓనర్ల మాటలు వింటే ఒకటి తెలుస్తుంది. తిట్టుకున్నదీ, తలుచుకుని మురిసిపోయేదీ చాలాసార్లు ఒకే భాగం గురించి. ఆ భాగాలేంటో, ఎందుకు చెడతాయో, చెడితే ఏం చేయాలో చూద్దాం.

ముందు స్టీరింగ్ కింద గేరు. అది కింద ఫ్లోర్‌లో లేకపోవడం వల్లే ముందు సీటు బెంచీలా సాగింది, డ్రైవరు పక్కన మరో ఇద్దరు కూర్చోగలిగారు. పెళ్లిళ్లకీ తిరుపతి ప్రయాణాలకీ అంబాసిడర్ అంత పేరు తెచ్చుకోవడంలో ఆ సీటుది పెద్ద వాటా. నడిరోడ్డు మీద గేరు లాకైపోవడానికి కారణమూ అదే ఏర్పాటు. స్టీరింగ్ కాలం (స్టీరింగ్ నుంచి కిందికి దిగే గొట్టం) అడుగు నుంచి గేర్‌బాక్స్ దాకా లివర్లు, రాడ్లు ఉంటాయి, ప్రతి కీలులో ఒక బుష్ (అరుగుదల ఓర్చుకునే చిన్న తొడుగు). బుష్‌లు అరిగితే పైన లివర్ కదిలినంతా కింద రాడ్డు కదలదు. ఒక గేరు పూర్తిగా బయటికి రాకముందే ఇంకోటి పట్టబోతుంది, రెండింటి మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు పైనుంచి బలం పెడితే రాడ్డు వంగుతుంది తప్ప లాభం లేదు. ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బానెట్ ఎత్తాలి. ఒకరు లోపల లివర్‌ని న్యూట్రల్ దగ్గర పట్టుకుంటే, ఇంకొకరు స్టీరింగ్ కాలం కింద ఉన్న రాడ్డుని చేత్తో అటూ ఇటూ ఆడించి విడిపించాలి. ఇంటికి చేరాక బుష్‌లు అన్నీ ఒకేసారి మార్చాలి. ఒక్కటే మారిస్తే పక్కది నెల తిరక్కుండా అదే పని చేస్తుంది. మొదటి గేరుకి సింక్రో (గేరు పళ్ల వేగాన్ని కలిపే ఏర్పాటు) లేదు కాబట్టి బండి పూర్తిగా ఆగకుండా ఫస్ట్ వేస్తే గరగర తప్పదు. అది జబ్బు కాదు, దాని తీరే అంత.

అంబాసిడర్ పాత పెట్రోల్ ఇంజన్ 1489 సీసీ, బీఎంసీ బి-సిరీస్. దిమ్మ (ఇంజన్ బ్లాక్), దాని పైమూత అయిన హెడ్డూ రెండూ పోత ఇనుమే. పిస్టన్ రింగులు అరిగినా, వెనకాల నీలం పొగ కక్కుతున్నా నడుస్తూనే ఉంటుంది. ఆ మొండితనాన్నే ఓనర్లు మెచ్చుకుంటారు. ఆయిల్ కారడం కూడా అక్కడి నుంచే వచ్చింది. ఈ ఇంజన్లో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) వెనక చివర రబ్బరు సీల్ లేదు. షాఫ్ట్ మీద మరలాంటి గాడి చెక్కి ఉంటుంది, తిరిగేటప్పుడు అది ఆయిల్‌ని తిరిగి సంప్‌లోకి (ఇంజన్ అడుగునుండే ఆయిల్ తొట్టిలోకి) తోస్తుంది. రింగులు బాగున్నంతకాలం అది చాలు. అరిగాక సిలిండర్ లోని గ్యాస్ కిందికి దిగి సంప్‌లో ఒత్తిడి పెంచుతుంది, ఆ గాడి ఓడిపోతుంది, ఆయిల్ క్లచ్ ప్లేట్ మీదికి చేరుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతుంది. కొత్త క్లచ్ ప్లేట్ వేయించుకుని కొద్ది నెలల్లోనే మళ్లీ అదే బాధ పడ్డవాళ్లు ఎంతోమంది. జబ్బు క్లచ్‌ది కాదు, సిలిండర్లు అరిగి బోరుకు వచ్చిన ఇంజన్‌ది. ముందు సంప్‌లోని గ్యాస్ బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకుపోయిందేమో చూడాలి. మట్టి పట్టి పూడుకుపోయిన బ్రీదర్ శుభ్రం చేస్తేనే సగం కారుడు ఆగిన సందర్భాలున్నాయి. ఆయిల్ కారే రెండో చోటు ఇంజన్ పక్కనున్న టాపెట్ కవర్లు (వాల్వుల్ని కదిలించే భాగాల రేకు మూతలు). వాటి కింద కార్క్ గ్యాస్కెట్ ఉంటుంది. కారుతోందని బోల్టు ఇంకా బిగిస్తే రేకు మధ్యలో గుంటపడి అంచులు లేస్తాయి, మరింత కారుతుంది. రేకుని చదును చేసి, కొత్త కార్క్ వేసి, చేతి బిగువుకు పైన కొంచెం తిప్పితే చాలు.

వాన నీళ్లు లోపలికి రావడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ముందు అద్దం రబ్బరు ఎండితే నీళ్లు కాళ్ల దగ్గరికి వస్తాయి. తడిసిన మ్యాట్ ఎత్తి ఆరబెట్టకుండా వదిలేస్తే రెండు వానాకాలాల్లో ఫ్లోర్ రేకు చేతికొస్తుంది.

ఫియట్ 1089 సీసీ ఇంజన్ హెడ్ అల్యూమినియం. తేలిక ఇంజన్, తేలిక బాడీ, అందుకే టౌన్‌లో అంబాసిడర్ కన్నా చురుగ్గా పరిగెత్తేది. సొంతంగా నడుపుకునే డాక్టర్లూ లాయర్లూ ఫియట్‌నే ఇష్టపడ్డారంటే ఆ చురుకే కారణం. కానీ ఇనుప దిమ్మ మీద అల్యూమినియం హెడ్ అంటే వేడికి రెండూ ఒకేలా సాగవు. ఒక్కసారి గట్టిగా హీటెక్కితే హెడ్ వంగుతుంది, దిమ్మకీ హెడ్డుకీ మధ్య గ్యాస్కెట్ పోతుంది. రేడియేటర్ మూత తీసి ఇంజన్ ఆన్ చేస్తే ఆగకుండా బుడగలు, డిప్‌స్టిక్ మీద పాల కాఫీ రంగు ఆయిల్, పొద్దున్నే ఒక సిలిండర్ మిస్. వీటిలో ఏ రెండు కనిపించినా హెడ్ విప్పాల్సిందే. విప్పినప్పుడు గ్యాస్కెట్ మార్చి ఊరుకోకూడదు. హెడ్ మీద స్టీల్ స్కేలు నిలువునా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరుతుందేమో చూడాలి, దూరితే మెషిన్ షాపులో ఫేసింగ్ చేయించి చదును చేయించాలి. బిగించేటప్పుడు మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో. ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక, ఇంజన్ పూర్తిగా చల్లారాక మళ్లీ బిగువు చూడాలి. ఈ చివరి పని మానేయడం వల్లే చాలా ఫియట్లు ఒకే ఏడాదిలో రెండోసారి హెడ్ విప్పించుకున్నాయి. అన్నిటికన్నా పెద్ద తప్పు, ఆవిరి కక్కుతున్న రేడియేటర్‌లో చన్నీళ్లు గుమ్మరించడం. ఇంజన్ ఆపి అరగంట ఆగి, మళ్లీ స్టార్ట్ చేసి ఐడిల్‌లో ఉంచి, కొంచెం కొంచెంగా పోయాలి.

ఇక హెరాల్డ్. అన్యాయంగా ఎక్కువ చెడ్డపేరు మోసింది ఇదేనని నా అభిప్రాయం. చిన్న 948 సీసీ ఇంజన్. బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకుంటుంది. ముందు చక్రం మీద కూర్చుని మొత్తం ఇంజన్ చుట్టూ పని చేసుకోవచ్చు, ఈ సుఖం మిగతా రెండింటిలోనూ లేదు. ముందు చక్రాలు ఎంత తిరుగుతాయంటే 25 అడుగుల వెడల్పులో బండి మొత్తం వెనక్కి తిప్పేయొచ్చు. ఇరుకు సందుల పాతబస్తీల్లో హెరాల్డ్ ఓనర్లు గర్వంగా చెప్పుకున్న సంగతి ఇది. అదే ముందు భాగం సందు మలుపులో చక్రాన్ని విరిచి పడేసిన సంగతీ వాళ్లే చెబుతారు.

కారణం ఇదీ. ముందు చక్రాన్ని మోసే నిలువు లింక్ కింది చివర మర ఉంటుంది. అది ఇత్తడి ట్రనియన్ (మర పట్టే కీలు దిమ్మ) లోకి దూరి, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర మీదే తిరుగుతుంది. దానికి పట్టించాల్సింది గ్రీజు కాదు, ఈపీ 90 గేర్ ఆయిల్. మన మెకానిక్కులు మిగతా బండ్ల అలవాటున గ్రీజు గన్ పెట్టారు. గ్రీజు మర అడుగు దాకా దిగదు, కొన్నాళ్లకి గట్టిపడుతుంది, వాన నీరు కింద చిక్కుకుంటుంది, తుప్పు మొదలవుతుంది. మర మొదట్లో సన్నని పగులు వస్తుంది. పూర్తిగా విరిగేది సాధారణంగా తక్కువ స్పీడులో, స్టీరింగ్ పూర్తిగా తిప్పి పార్క్ చేసేటప్పుడు. ఒత్తిడి అప్పుడే ఎక్కువ. చక్రం మడ్‌గార్డు కిందికి ముడుచుకుపోతుంది. పెద్ద స్పీడులో కాకపోవడం అదృష్టం.

నివారణ తేలిక. ట్రనియన్ మీదున్న చిన్న ప్లగ్ విప్పి, ఆయిల్ గన్‌తో ఈపీ 90 ఎక్కించాలి. పైన రబ్బరు సీల్ దగ్గర కొత్త ఆయిల్ బయటికి వచ్చేదాకా ఎక్కిస్తూ, స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పించాలి. ఐదారు వేల కిలోమీటర్లకు ఒకసారి, వానాకాలానికి ముందూ తర్వాతా తప్పకుండా. కొత్తగా కొన్న పాత హెరాల్డ్ అయితే గ్రీజు పట్టించిన బండి అనుకునే మొదలుపెట్టండి. లింకులు విప్పి, మరని కిరోసిన్‌తో కడిగి, మొదట్లో గాటు, తుప్పు గుంట ఏది కనిపించినా లింక్ మార్చేయండి. వెల్డింగ్ చేయించి మళ్లీ బిగించడం ప్రాణాలతో చెలగాటం.

హెరాల్డ్ ఇంజన్లో ఇంకో రహస్యం థ్రస్ట్ వాషర్లు. క్రాంక్ షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరగకుండా వెనక మెయిన్ బేరింగ్ దగ్గర అర్ధచంద్రాకారపు వాషర్లు పెడతారు. ట్రాఫిక్‌లో క్లచ్ మీద కాలు ఉంచే అలవాటుంటే అవి అరిగి, చివరికి సంప్‌లో రాలిపడతాయి. ఆ తర్వాత క్రాంక్ నేరుగా దిమ్మని తినేస్తుంది. పరీక్ష చాలా సులువు: ఒకరు క్లచ్ తొక్కుతుంటే మీరు ముందు పుల్లీని చూడండి. కంటికి తెలిసేంత ముందుకు జరిగితే బండి తీయొద్దు. ఇంజన్ దింపాల్సిన పని లేదు, సంప్ విప్పి వెనక మెయిన్ క్యాప్ తీస్తే వాషర్లు మార్చేయొచ్చు.

వెనక చక్రాలు ఒక్కోటి విడిగా ఆడే స్వింగ్ యాక్సిల్ కూడా ఆరుగుర్ని ఎక్కించే మన పద్ధతికి నప్పలేదు. దాని తర్వాత స్టాండర్డ్ వాళ్లే తెచ్చిన గజెల్ కారులో మామూలు యాక్సిల్ పెట్టారు గానీ అప్పటికే పేరు పోయింది. అదే కంపెనీ 1985లో బ్రిటిష్ రోవర్ కారు బాడీలో పాత వాన్‌గార్డ్ కారు కాలం నాటి 1991 సీసీ ఇంజన్ పెట్టి స్టాండర్డ్ 2000 అని వదిలింది. చూడ్డానికి రాజా, తాగడంలో మహారాజా.

మూడు బండ్లకీ ఉమ్మడి శత్రువు మన ఎండ. మే నెలలో రెంటచింతల వైపో రామగుండం వైపో వెళ్తూ టీ కోసం పది నిమిషాలు ఆగితే బండి మళ్లీ స్టార్ట్ కాదు. పెట్రోల్ పంపు ఇంజన్ పక్కకే బిగించి ఉంటుంది. నడుస్తున్నంతసేపూ పారే పెట్రోల్ దాన్ని చల్లబరుస్తుంది. ఆపగానే దిమ్మ వేడి పంపుకీ పైపుకీ ఎక్కి పెట్రోల్ ఆవిరవుతుంది. పంపు ఆవిరిని లాగలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. పంపు మీద, పైపు మీద తడిగుడ్డ చుట్టడం కట్టుకథ కాదు, పనిచేసే వైద్యమే. నీళ్లు మాత్రం డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచే భాగం) మీదా, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికి తెచ్చే వేడి గొట్టాలు) మీదా పడకూడదు. శాశ్వతంగా పోవాలంటే పైపుని మానిఫోల్డ్ నుంచి రెండు మూడు అంగుళాలు దూరం జరిపి, మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టాలి.

అయితే వేడికి ఆగిన ప్రతి బండీ వేపర్ లాక్ కాదు. డిస్ట్రిబ్యూటర్‌లోని కండెన్సర్ కూడా వేడెక్కితేనే మొరాయిస్తుంది, చల్లారితే ఏమీ ఎరగనట్టు ఉంటుంది. తేడా పట్టడానికి ముందు డిస్ట్రిబ్యూటర్ మధ్య వైరు లాగి, చివరను దిమ్మకి ఐదారు మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. చేతికి దళసరి పొడిగుడ్డ ఉండాలి, చుట్టుపక్కల పెట్రోల్ తడి ఉండకూడదు. నీలంగా, టపటపమని దూకితే స్పార్క్ బాగున్నట్టు. పల్చగా, పసుపుగా ఉంటే కండెన్సర్ లేదా కాయిల్. డిస్ట్రిబ్యూటర్‌లో కలుస్తూ విడిపోతూ స్పార్క్ పుట్టించే పాయింట్లు విడిపోయినప్పుడు వాటి మధ్య మెరుపు ఎక్కువగా కనిపిస్తే కండెన్సరే. స్పార్క్ బాగుంటే కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టండి. పెట్రోల్ చిమ్మకపోతే వేపర్ లాక్. రెండూ ఉండి స్టార్ట్ కాకపోతే, కార్బొరేటర్ ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ మరిగి మానిఫోల్డ్‌లోకి పొంగినట్టు. యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి, పదేపదే కొట్టకుండా అలాగే ఉంచి సెల్ఫ్ ఇవ్వండి.

అంబాసిడర్ పాయింట్ల గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళాలు, ప్లగ్ గ్యాప్ 0.025. పాయింట్‌ని తెరిచే క్యామ్‌కి ఆనే మడమ అరిగితే గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గితే టైమింగ్ వెనకపడుతుంది, పికప్ పోయి ఇంజన్ వేడెక్కుతుంది. చాలామంది అప్పుడు రేడియేటర్ విప్పుతారు. క్యామ్ మీద మినపగింజంత గ్రీజు రాస్తే మడమ చాలాకాలం మన్నుతుంది. ఇంకో దొంగ డిస్ట్రిబ్యూటర్ లోపల ఉన్న చిన్న ఎర్త్ వైరు. టైమింగ్‌ని వేగానికి తగ్గట్టు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్‌తో పాటు అటూ ఇటూ కదిలి, పై తొడుగు బాగానే ఉండి లోపల తెగిపోతుంది. ఐడిల్‌లో బాగుండి యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఆగిపోతుంటే ముందు దాన్ని చూడండి. ప్లగ్ వైర్లు తారుమారైతే కంగారు వద్దు, మూడు బండ్లదీ వరస 1-3-4-2 నే.

ఇప్పటి బాధలు రెండు. 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే వస్తోంది. అంబాసిడర్, హెరాల్డ్ ఇనుప హెడ్లలో వాల్వ్ సీట్లు ఆ ఇనుములోనే చెక్కినవి కాబట్టి, వాల్వులు మెల్లగా సీటులోకి దిగి టాపెట్ గ్యాప్ తగ్గుతూ వస్తుంది. అంబాసిడర్‌కి 0.015 అంగుళం ఉండాలి. టాపెట్ చప్పుడు తగ్గిందని సంతోషించకండి, గ్యాప్ లేకపోతే వాల్వ్ కాలిపోతుంది. హెడ్ విప్పినప్పుడు గట్టి ఎగ్జాస్ట్ సీట్లు వేయిస్తే ఆ గొడవ తీరుతుంది. రెండోది ఇథనాల్ కలిపిన పెట్రోల్. పాత రబ్బరు పైపుల్నీ పంపు డయాఫ్రమ్‌నీ మెత్తబరుస్తుంది, తేమ పీల్చి ట్యాంకుని తుప్పు పట్టిస్తుంది, ఆ తుప్పు కార్బొరేటర్ జెట్‌లో అడ్డం పడుతుంది. ఇథనాల్‌కి తట్టుకునే పైపులు, డయాఫ్రమ్ వేసి, పంపుకి ముందు ఒక ఫిల్టర్ పెట్టండి. నెలల తరబడి కదలని బండిలో పెట్రోల్ ఉంచొద్దు.

డిక్కీలో స్టెప్నీ పక్కన ఇవి ఉంటే చాలు: పాయింట్ల సెట్టు, కండెన్సర్, ఫ్యాన్ బెల్టు, రెండు ప్లగ్గులు, మీటరు పెట్రోల్ పైపు, రెండు క్లిప్పులు, ఫీలర్ గేజ్, ఐదు లీటర్ల నీళ్లు, ఒక బట్టల సబ్బు. సబ్బు ఎందుకంటే, రాయి తగిలి ట్యాంకు చెమ్మగిల్లితే ఆ చోట గట్టిగా రుద్ది అద్దాలి. పెట్రోల్‌కి సబ్బు కరగదు, ఇల్లు చేరేదాకా ఆపుతుంది.