ఒక్క ఊపిరిలో ఎంతవరకు

ఈ మాట రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. మా సంఘంలోని ఆ పెద్దమనిషి చెడ్డవాడు కాదు. ఆదివారం ఆరాధనకు అందరికంటే ముందొచ్చి కుర్చీలు సర్దేది ఆయనే. అయినా నేను కాళ్లు కదపలేక మంచం మీద పడి ఉన్నప్పుడు నా మీదికి వంగి ఆయన అన్న మాట, జబ్బు తగ్గాక కూడా నన్ను వదల్లేదు. "సిస్టర్, దేవుని వాగ్దానం తప్పిపోదు. మీరింకా లేవలేదంటే మీలో ఎక్కడో అవిశ్వాసం ఉంది. వెతుక్కోండి." ప్రార్థన చేసి వెళ్లిపోయారు. నేను నిజంగానే వెతుక్కున్నాను. చిన్నప్పుడు చెప్పిన అబద్ధాల దగ్గర్నుంచి మొదలుపెట్టి, పైకప్పు చూస్తూ ఆ రాత్రంతా వెతుక్కున్నాను. తెల్లారేసరికి చేతివేళ్లలో పట్టు కూడా తగ్గింది. అవిశ్వాసం పైకి పాకుతోందనే అనుకున్నాను తప్ప జబ్బు పాకుతోందని అనుకోలేదు. ఆ మాట చేసిన పని అది.

అంతకు పది రోజుల ముందు నాకు విరేచనాలయ్యాయి. మూడు రోజుల్లో తగ్గిపోయాయి కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు, మర్నాడు మెట్లెక్కుతుంటే మోకాళ్లు మడతపడటం. మొదట చూసిన డాక్టర్ కుర్చీలోంచి లేవకుండానే "టెన్షన్ ఎక్కువ పెట్టుకుంటున్నారు, విటమిన్లు తక్కువగా ఉన్నట్టున్నాయి, బాగా నిద్రపోండి" అని మాత్రలు రాసి పంపేశాడు. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో ఒకసారి తట్టి చూసుంటే కాలు ఎగరడం లేదని తెలిసిపోయేది. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం దొరక్క నాకు రెండు రోజులు పోయాయి. ఆయన్ని క్షమించమని రోజూ ప్రార్థన చేస్తున్నాను. కొన్ని రోజులు క్షమించగలుగుతున్నాను, కొన్ని రోజులు లేదు.

రెండో ఆసుపత్రిలో వెన్నులో నీరు తీశారు, నరాలకు కరెంటు పెట్టి చూశారు, సాయంత్రానికి పేరు చెప్పారు. గిలాన్-బారే సిండ్రోమ్. 1916లో ఇద్దరు సైనికుల్లో దీన్ని గుర్తించి రాసిన ఫ్రెంచ్ వైద్యుల పేర్లట అవి. ఏదో ఇన్ఫెక్షన్ మీదికి వెళ్లాల్సిన మన రోగనిరోధక శక్తి పొరపడి మన నరాల మీది పొరనే తినేస్తుంది. కాళ్లతో మొదలై పైకి వస్తుంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే మిషన్ పెట్టాలి. ఎక్కువమంది కోలుకుంటారు, కానీ నెలలు పడుతుంది. ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఐదు రోజులు ఎక్కించాలన్నారు. మా ఆయన సంతకాలు పెట్టాడు.

ఆ రెండు రోజుల్లో ఫోన్‌కి వచ్చినన్ని వాక్యాలు నా జీవితంలో ఎప్పుడూ రాలేదు. "నీకు అపాయమేమియు రాదు" అని తొంభై ఒకటో కీర్తన. "నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను" అని నూట పద్దెనిమిది. "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" అని యెషయా. పంపినవాళ్లందరూ ప్రేమతోనే పంపారు. నేనూ ఆ వాక్యాలనే ఎత్తిపట్టి ప్రార్థించాను. కాకపోతే వాటికి నా షరతు ఒకటి కలిపాను. ప్రభువా, నోట్లో గొట్టం మాత్రం పడకూడదు, అదే నాకు గురుతు. గొట్టం పడకపోతే వాగ్దానం నాది, పడితే నేను నీదాన్ని కాదనుకుంటాను. ఇలా ఆయనతో బేరం పెట్టాను.

ఐసీయూలో రాత్రి డ్యూటీ నర్సు ఒక చిన్నమ్మాయి. గంటకోసారి వచ్చి రెండు పనులు చేయించేది. ఒకటి, ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో చూడటం. రెండోది, తన రెండు వేళ్లు నా చేతిలో పెట్టి గట్టిగా పట్టుకోమనడం. రాత్రి పదకొండుకి ఇరవై నాలుగు దాకా లెక్కపెట్టాను. పన్నెండుకి పంతొమ్మిది. ఒంటిగంటకు పదహారు. లెక్క ఇంకా పడిపోతే ఆలస్యం చేయకుండా గొట్టం వేసేయాలని డాక్టర్ తనతో అనడం నాకు వినపడింది. నాకు వినపడదనుకున్నారేమో. కాళ్లు చేతులు పోయినా చెవులు పోలేదని చాలామందికి గుర్తుండదు.

ఆ గంటల మధ్యలో అంకెలకు బదులు ఇరవై మూడో కీర్తన చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఒక్క ఊపిరిలో ఎంతవరకు వెళ్తానో చూద్దామని. మొదట "శాంతికరమైన జలములయొద్ద" దాకా వెళ్లాను. తర్వాత "పచ్చికగల చోట్లను" దగ్గరే తెగిపోయింది. రెండు దాటాక "యెహోవా నా కాపరి" అనేసరికి అయిపోయేది. "నాకు లేమి కలుగదు" అనడానికి ఇంకో ఊపిరి కావాలి. గాలి లేని మనిషి ఆ మాట అనడం ఎలా ఉంటుందో చెప్పలేను. గుండె కొట్టుకునే చప్పుడు మిషన్‌లో వింటూ, ఇంట్లో నిద్రపోతున్న నా కూతురు రేపు లేచి ఎవర్ని పిలుస్తుందో అని ఏడ్చాను. కన్నీళ్లు చెవుల్లోకి పోతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు.

అప్పుడు తట్టింది, అన్నేళ్లుగా కంఠస్థం చెప్పి కూడా గమనించని సంగతి. మొదటి మూడు వచనాల్లో దావీదు దేవుణ్ణి "ఆయన" అంటాడు. ఆయన నన్ను పరుండజేయుచున్నాడు, ఆయన సేదదీర్చుచున్నాడు. నాలుగో వచనంలో, గాఢాంధకారపు లోయ రాగానే, మాట మారిపోతుంది. "నీవు నాకు తోడై యుందువు." పచ్చిక దగ్గర దేవుణ్ణి గురించి చెప్పినవాడు లోయలో దేవుడితోనే మాట్లాడుతున్నాడు. లోయలోకి తీసుకుపోనని అక్కడ మాటివ్వలేదు. తోడుంటాననే మాట ఇచ్చాడు. నాకు వాక్యాలు పంపినవాళ్లు ఎత్తి చూపిన తొంభై ఒకటో కీర్తనలోనే పదిహేనో వచనం "శ్రమలో నేనతనికి తోడై యుండెదను" అంటుంది. శ్రమ ఉంటేనే కదా శ్రమలో తోడు.

మూడింటికి నర్సు వచ్చింది. పదకొండు దాకా లెక్కపెట్టి ఆగిపోయాను. వేళ్లు నా చేతిలో పెట్టి "గట్టిగా పట్టుకోండి మేడమ్" అంది. రావట్లేదు అన్నాను. "పర్లేదు మేడమ్, నేను పట్టుకుంటా" అని నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, డాక్టర్ వచ్చేదాకా అలాగే నిలబడింది. ఆమె ఏ దేవుణ్ణి మొక్కుతుందో నేను అడగలేదు. నాకు మాత్రం యెషయా నలభై ఒకటో అధ్యాయం గుర్తొచ్చింది. "భయపడకుము నేను నీకు సహాయము చేసెదనని చెప్పుచు నీ కుడిచేతిని పట్టుకొనుచున్నాను." వాగ్దానాన్ని గట్టిగా పట్టుకోవాలి, వదిలేస్తే పోతుంది అని పెరిగినదాన్ని నేను. పట్టుకునే వేళ్లే లేని రాత్రి వస్తే ఏం చేయాలో నాకెవరూ చెప్పలేదు. ఆ వాక్యంలో పట్టుకుంటున్నది ఆయన.

నాలుగింటికి గొట్టం వేశారు.

నా షరతు ప్రకారం చూస్తే నేను ఓడిపోయాను. మత్తులోకి పోయేముందు మాత్రం, నీ దాన్ని కాదని అనుకోవడానికి మనసు రాలేదు. ఇప్పుడు తెలుస్తోంది, ఆ బేరం విశ్వాసం కాదు. దేవాలయ శిఖరం మీద అపవాది ప్రభువుకి చూపించింది ఇదే తొంభై ఒకటో కీర్తన, కిందికి దూకమని. ప్రభువు ఆ వాగ్దానం అబద్ధమనలేదు. దేవుణ్ణి శోధింపవలదు అన్నాడు.

తొమ్మిది రోజులు మిషన్ మీద ఉన్నాను. ఆ రోజుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అక్క రోజూ ఉన్న పదిహేను నిమిషాలూ నా చెవి దగ్గర కీర్తనలు చదివేది. ఒకరోజు ఎనభై ఎనిమిదో కీర్తన చదివింది. ఆశ అన్నది లేకుండా చీకటితోనే ముగిసే కీర్తన అది. తర్వాత "తప్పు కీర్తన చదివానే" అని బాధపడింది. అక్కా, నాకు అన్నిటికంటే అదే ఎక్కువ ఓదార్పయింది. అలాంటి ఏడుపును కూడా దేవుడు తన పుస్తకంలో ఉంచుకున్నాడు.

పక్క మంచంలో పందొమ్మిదేళ్ల అబ్బాయి. వేరే జబ్బు. వాళ్లమ్మ కూడా విశ్వాసురాలే. తెర అవతల నుంచి ఆమె ప్రార్థన వినపడేది. నా ఫోన్‌కి వచ్చిన అవే వాక్యాలు, అవే వచనాలు, నాకంటే పదింతలు గట్టిగా. ఏడో రోజు ఉదయం ఆ అబ్బాయి చనిపోయాడు. ఆ తల్లిలో అవిశ్వాసం ఎక్కడుందో చెప్పమని ఆ పెద్దమనిషిని అడగాలని ఉంది. నాలో ఉండి ఆమెలో లేనిదేమిటో చెప్పమని అడగాలని ఉంది. పౌలు తన తోటి పనివాడు త్రోఫిము జబ్బుపడితే మిలేతులో విడిచిపెట్టి రావలసి వచ్చింది. తిమోతికి తరచూ వచ్చే బలహీనతలకు కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు తప్ప అవిశ్వాసం వెతుక్కోమనలేదు. ఇది వాళ్లకు ఉత్తరాల్లో కనపడదా?

ఇంకొకటి కూడా చెప్పాలి. "అవి సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు" అని యిర్మీయా ఇరవై తొమ్మిది పదకొండు నాకు పదిమంది పంపారు. దాని పై వచనం ఎవరూ పంపలేదు. అందులో చెర నుంచి తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు అని ఉంది. యిర్మీయా పంపిన ఆ ఉత్తరం బబులోను చెరలో విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూసి ఉండరు. మాట వాళ్లకే వచ్చింది, ఫలం పిల్లలకు అందింది. అది కూడా వాగ్దానమే.

మా పాస్టర్ గారికి మాత్రం నేను ఋణపడి ఉన్నాను. గొట్టం తీశాక వచ్చి, యాకోబు పత్రికలో చెప్పినట్టు నూనె రాసి, రెండే మాటలు ప్రార్థించి, కుర్చీలో కూర్చున్నారు. అంతసేపూ ఏమీ బోధించలేదు. వెళ్లేముందు "మందులు సరిగ్గా వేసుకోండమ్మా, హిజ్కియా రాజుకు పదిహేనేళ్లు ఆయుష్షు ఇస్తానన్న దేవుడే అంజూరపు పండ్ల ముద్ద పుండుకి కట్టించాడు" అన్నారు.

ఈ జబ్బు పైకి వచ్చిన దారినే కిందికి దిగుతుంది. ముందు ఊపిరి, తర్వాత చేతులు, చివర కాళ్లు. గిన్నె పట్టుకోవడానికి ఆరు వారాలు, పట్టుకుని నడవడానికి నాలుగు నెలలు పట్టింది. ఫిజియోథెరపీ ఒక్కరోజు కూడా మానకండి, ఏడుస్తూ అయినా చేయండి. కాళ్లలో మొదలైన బలహీనత పైకి పాకుతుంటే, ఎవరు టెన్షన్ అన్నా నమ్మొద్దు, ఆ రోజే నరాల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీ మంచం దగ్గరికి వచ్చి మీ విశ్వాసాన్ని కొలిచేవాళ్లను, ఎంత ప్రేమించేవాళ్లయినా, బయట కూర్చోమనండి.

సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. "వాగ్దానాన్ని గట్టిగా పట్టుకున్నాను కాబట్టి బతికాను" అంటే అందరూ సంతోషించేవారు. అనలేకపోయాను. ఆ తల్లి ఎక్కడో వింటున్నట్టు అనిపించింది. కృపతో బతికాను అన్నాను. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలో వాగ్దానాల ఫలం అనుభవించకుండానే, దూరం నుంచి చూసి వందనం చేసి విశ్వాసంతో చనిపోయినవాళ్ల గురించి ఉన్న మాట చదివి కూర్చున్నాను. ఆ పెద్దమనిషి బయట వచ్చి నా చేయి పట్టుకుని "దేవునికి స్తోత్రం సిస్టర్" అన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. అన్న మాట ఆయనకు గుర్తున్నట్టు లేదు. నేనూ గుర్తు చేయలేదు.

ఆ తల్లి నంబరు అక్క దగ్గర ఉంది. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను బతికి ఉన్నందుకు సిగ్గుగా అనిపించి ఏమీ మాట్లాడలేకపోయాను. ఆమే "నడుస్తున్నావా అమ్మా?" అని అడిగింది. ఇప్పుడు వారానికోసారి మాట్లాడుకుంటాం. ఎందుకిలా జరిగిందని నన్నెప్పుడూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని ఆమెకు తెలుసు. పోయిన శుక్రవారం ఇరవై మూడో కీర్తన చదవమంది. చదివాను. నాలుగో వచనానికి వచ్చేసరికి నా ఊపిరి సరిపోలేదు. మిగిలింది ఆమె చదివింది.