ఊక గొట్టానికి చిల్లు ఎక్కడ పడుతుంది?

మండపేట, రామచంద్రపురం ప్రాంతాల ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊకను గాలితో బాయిలరు దగ్గరికి తోలే గొట్టాలకు చిల్లు ముందుగా పడేది బెండు దగ్గరే, అంటే గొట్టం వంపు తిరిగే చోటే. దానిపై రేకు ముక్క వేసి వెల్డింగు చేస్తారు, కొన్నాళ్లకు ఆ ముక్క అంచునే మళ్లీ చిల్లు పడుతుంది. ధాన్యం బరువులో సుమారు అయిదో వంతు ఊకే. దానిని కాల్చితే అందులో దాదాపు అయిదో వంతు బూడిదగా మిగులుతుంది, ఆ బూడిదలో అత్యధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే గట్టి పదార్థం. తూకానికి తేలికైన ఊక ఇనుమును అరగదీయడానికి కారణం అదే.

ఈ అరుగుదలను కంప్యూటరులో అనుకరించేటప్పుడు గాలి ప్రవాహాన్ని చిన్న చిన్న గదులుగా విభజించి లెక్కిస్తారు, అందులో కొట్టుకుపోయే ప్రతి రేణువునూ న్యూటన్ సూత్రంతో విడిగా వెంబడిస్తారు. రేణువులు ఒకదానినొకటి ఢీకొనడాన్ని లెక్కకట్టే పద్ధతిని కుండాల్, స్ట్రాక్ అనే పరిశోధకులు 1979లో ప్రచురించారు. రేణువు గోడకు తగిలిన ప్రతిసారీ దాని వేగాన్ని, కోణాన్ని అరుగుదల సూత్రానికి అందిస్తారు. ఫిన్నీ అనే పరిశోధకుడు 1960లో చూపినట్లు, ఉక్కు వంటి సాగే లోహం ఎక్కువగా కోతపడేది రేణువు ఎదురుగా తగిలినప్పుడు కాదు, సుమారు 20 నుంచి 30 డిగ్రీల వాలులో గీసుకుపోయినప్పుడు. అరుగుదలను ఆపడానికి గొట్టం లోపల అతికించే పెళుసైన సిరామిక్ పలకకు నష్టం ఎదురుదెబ్బ వల్లనే ఎక్కువ. అందుకే పలకలు ఎక్కడ అతికించాలో తేల్చడానికి ఈ లెక్క బాగా పనికివస్తుంది.

నా అభిప్రాయంలో రేకు మందం కంటే ముందు చూడవలసింది గాలి వేగం. అరుగుదల వేగానికి రెండు నుంచి మూడో ఘాతంగా పెరుగుతుంది, ఘాతం 2.5 అనుకుంటే, సెకనుకు 25 మీటర్ల వేగాన్ని 20కి తగ్గించినప్పుడు అరుగుదల 57 శాతానికి దిగుతుంది. అయితే మరీ తగ్గిస్తే ఊక గొట్టం అడుగున పేరుకుని దారి మూసుకుపోతుంది కనుక, బ్లోయరు వేగం తగ్గించే ముందు ఆ హద్దు ఎక్కడుందో చూసుకోవాలి.

బెండుకు బదులు ఒక కొస మూసిన టీ (ఇంగ్లీషు T అక్షరం ఆకారపు గొట్టం ముక్క) వాడితే, ఆ మూసిన మూలలో ఊక నిలిచిపోతుంది. వెనుక వచ్చే ఊక ఇనుమును కాక ఊకనే ఢీకొంటుంది. లెక్క తేలిక చేయడానికి రేణువుల పరస్పర తాకిడిని వదిలేస్తే, అదే మూల అన్నిటికంటే ముందు చిల్లు పడుతుందని కంప్యూటరు చెబుతుంది. అది చూపే రంగుల బొమ్మ అందంగానే ఉంటుంది, కానీ ఫలితం తలకిందులు. ఊకను గుండ్రని గోళీగా భావించడం కూడా ఇలాంటి పొరపాటే, ఎందుకంటే దోనె ఆకారపు పొట్టును గాలి తోసే తీరు వేరు.

చిల్లు ఎక్కడ పడుతుందో అనుకరణ నమ్మదగినంతగా చెప్పగలదు. ఎప్పుడు పడుతుందన్నది మాత్రం నేను దాని మాటగా ఎవరికీ చెప్పను. అది నడిపేది కొన్ని సెకన్ల ప్రవాహాన్ని, అరుగుదల సాగేది నెలల తరబడి. ఈలోగా గుంట పడి వంపు ఆకారమే మారిపోతుంది. పైగా సూత్రంలోని గుణకం ఆ ఊకకు, ఆ ఉక్కుకు వర్తించేది కాకపోవచ్చు. బెండు వాడకంలో ఉండగా అల్ట్రాసోనిక్ గేజితో (శబ్ద తరంగాలతో మందం కొలిచే పరికరంతో) రేకు మందాన్ని అప్పుడప్పుడు కొలిచి, ఆ కొలతలతో గుణకాన్ని సరిదిద్దిన తరువాతే మిల్లు యజమానికి గడువు చెప్పాలి.