బంతి లేని పిల్లలకు ఆట నేర్పడం

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా అబ్బాయి ఆడే సాకర్ (ఫుట్‌బాల్) జట్టు అండర్-11 విభాగంలోకి అడుగుపెట్టినప్పుడు, తల్లిదండ్రులే స్వచ్ఛందంగా శిక్షణ ఇచ్చే ఆ లీగ్‌లో కోచ్ బాధ్యత నాకు అప్పగించారు. చిన్నప్పటి నుంచి క్రికెట్ తప్ప మరో ఆట ఎరగని నేను కొత్త కోచ్‌ల కోసం ఉండే గ్రాస్‌రూట్స్ కోర్సు పూర్తిచేసి, అందులో చెప్పినట్టే ప్రతి సాయంత్రాన్నీ చిన్న ఆటతో మొదలుపెట్టి, మధ్యలో సాధన చేయించి, మళ్లీ ఆటతోనే ముగించడం అలవాటు చేసుకున్నాను.

అండర్-10 వరకు జట్టుకు ఏడుగురే ఆడతారు. గోల్‌కీపర్ చేతికి బంతి రాగానే ప్రత్యర్థులు బిల్డ్-అవుట్ గీత (గోల్‌కీపర్ నిదానంగా బంతి అందించేందుకు వీలుగా మైదానంలో అడ్డంగా గీసే గీత) వెనక్కి తగ్గాలి. అండర్-11లో జట్టుకు తొమ్మిదిమంది, ఆ గీత ఉండదు. దాంతో మా గోల్‌కిక్‌లు (ఎదుటివారు తాకిన బంతి మా గోల్ వైపు గీత దాటిపోతే గోల్ ముందు నుంచి మేం కొట్టేవి) చాలావరకు ఎదుటి జట్టు కాళ్లలోకే వెళ్లేవి. బంతి పోగానే మా వాళ్లందరూ బెల్లం చుట్టూ చీమల్లా దాని చుట్టూ మూగేవారు.

అందుకే ముందుగా డిఫెన్స్‌ను ముగ్గురి పనిగా విడదీసి నేర్పాను. మొదటి డిఫెండర్ బంతి లాక్కోవడానికి ఉరకకుండా, చివరి అడుగులు చిన్నవిగా వేసి, కాస్త పక్కకు తిరిగి నిలబడి, ప్రత్యర్థిని సైడ్‌లైన్ వైపు మళ్లించాలి. రెండోవాడు అతని వెనక ఏటవాలుగా నిలిచి, అతన్ని దాటుకొని వచ్చేవాణ్ణి అందుకోవాలి. మూడోవాడు అవతలి వైపు నుంచి లోపలికి జరగాలి. చూసేవారికి ఏ పనీ చేయనట్టు కనిపించే ఈ మూడోవాడి పనే నేర్పడం అన్నిటికన్నా కష్టం. మా లెఫ్ట్‌బ్యాక్‌గా, అంటే ఎడమవైపు డిఫెండర్‌గా ఆడే అమ్మాయి ఒక రోజు తనంతట తానే "నేను వెనకున్నా, నువ్వెళ్లు" అని అరిచేవరకు, నా మాటలు వాళ్ల చెవికెక్కాయన్న నమ్మకం నాకు కలగలేదు.

ఎటాక్‌లో దీనికి పూర్తిగా విరుద్ధమైన అలవాటు కావాలి: దగ్గరికి జరగడం కాదు, దూరదూరంగా విస్తరించడం. కోన్‌లతో మైదానాన్ని నిలువుగా మూడు భాగాలు చేసి, ఏ భాగంలోనూ మనవాళ్లు ముగ్గురికి మించకూడదని షరతు పెట్టాను. ఇద్దరు ఒక్కరిని ఎదుర్కొనే సాధనలో, డిఫెండర్ తన మీదికి కదిలేదాకా బంతి ఉన్నవాడు పాస్ ఇవ్వకూడదన్నాను. తొందరపడి ఇస్తే డిఫెండర్‌కు అటు మళ్లే వ్యవధి దొరుకుతుంది. గోల్‌కిక్‌కు మాత్రం 2019లో మారిన నియమం కలిసివచ్చింది: పెనాల్టీ ఏరియా (గోల్ ముందు గీసిన పెద్ద పెట్టె) లోపలే సొంత జట్టువాడు బంతి అందుకోవచ్చు, కిక్ కొట్టేవరకు ప్రత్యర్థులు బయటే ఉండాలి. ఇద్దరు డిఫెండర్లను చెరో వైపు నిలిపాక గోల్‌కీపర్‌కు ఎప్పుడూ ఒక దారి దొరికింది. గట్టు మీద నుంచి "దూరంగా కొట్టు" అని కేకలు వేసే తండ్రులకు అది నచ్చలేదు. గోల్ ముందే బంతి పోగొట్టుకొని కొన్ని గోల్స్ ఇచ్చినమాట నిజమే అయినా, ఈ వయసులో గెలుపు కన్నా ఆ ధైర్యమే నాకు ముఖ్యం.

ఎటాక్ చేస్తుండగా బంతి పోయిన క్షణంలో ఎవరు ఎదురువెళ్లాలి, ఎవరు వెనక్కి పరుగెత్తాలి అన్నది ఇంకా కుదరలేదు. పాస్ పోగొట్టుకున్నవాడు తల పట్టుకొని నిలబడిపోతాడు, ప్రత్యర్థి ఆ ఖాళీలోంచే వస్తాడు. అందుకని ఈమధ్య చిన్న ఆటల్లో, పోయిన బంతిని ఐదు సెకన్లలోపు తిరిగి సంపాదిస్తే గోల్‌తో సమానంగా లెక్కిస్తున్నాను. ముందువరుస పిల్లలకు అది బాగా నచ్చింది. మిడ్‌ఫీల్డ్‌లో ఉన్న ఇద్దరూ మాత్రం ఒకేసారి బంతి మీదికి వెళ్లడం ఇంకా మానలేదు.